అలసట వాటా

నూకరాజు కుడిచెయ్యి ముందుకు చాపి, నిండు నీళ్ళ బిందెను మెడ దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. బిందె వణకలేదు, నీళ్ళు తొణకలేదు. ఎడంచేత్తో చుట్ట కాలుస్తూ, దారినపోయేవాళ్ళని పేరుపెట్టి పిలిచి మరీ పరాచికాలాడుతున్నాడు.

"నొప్పి తెలుస్తోందా?" అనడిగింది డాక్టర్ చారుశీల.

"బిందె ఉన్న సంగతే మర్సిపోనాను డాక్టరమ్మా. మా ఇంటిదాన్ని కూడా తెచ్చి దీనిమీద కూకోబెట్టు, మోస్తాను."

"ఒక్కనాడైనా బియ్యం బస్తా మోసి ఇంటికి తెచ్చావేటి, నన్ను మోస్తావు?" అంది వాళ్ళావిడ వెనకనుంచి. ఒడ్డంతా నవ్వింది.

ఎర్రాయమ్మ కూడా నవ్వింది గానీ, ఆమె కళ్ళు మాత్రం నూకరాజు ముంజేతికి చారుశీల చుట్టిన బూడిదరంగు పట్టీ మీదే ఉన్నాయి. నూకరాజు ఆమె మరిది గురయ్య కొడుకు. గురయ్య ఆ ఊరి పెద్దవలకి పెద్ద.

అప్పటికి సముద్రం ఆ ఊరిని రెండుమార్లు వెనక్కి నెట్టింది. ఇళ్ళన్నీ స్తంభాల మీదికెక్కాయి. పడవలు ఎండతోనే నడుస్తున్నాయి. ఇంజన్లు పెట్టి లాగితే చేపపిల్లైనా మిగలడం లేదని ఒడ్డున యంత్రాల్ని ఆపేశారు. అందుకని పెద్దవల మాత్రం మళ్ళీ మనిషి చేతికే వచ్చింది. పడవ సముద్రంలో వలని గుండ్రంగా వదిలి వస్తుంది. దాని రెండు మోకుల్నీ రెండు వరసల మనుషులు ఒడ్డుకి లాగుతారు. వరసలో చివరివాడు మోకు వదిలేసి, వాళ్ళ మాటలో ఒగ్గేసి, నడుచుకుంటూ నీళ్ళ దగ్గరికి పోయి, అందరికన్నా ముందు మళ్ళీ పట్టుకుంటాడు. అలా తిరుగుతూనే ఉంటారు. ముసలివాళ్ళు తిరగలేరు కాబట్టి వెనక, మోకు తోకదగ్గరే ఉండి పట్టుకుంటారు. మోకు మీద చెయ్యేసిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఉంటుంది. ఆ చెయ్యి ఎంత లాగిందని ఎవరూ అడగరు.

మొగుడు పోయాక ఎర్రాయమ్మ పొయ్యి వెలుగుతున్నది ఆ వాటాతోనే.

"ఇంతకీ ఈ పట్టీ ఏటి సేస్తాది డాక్టరమ్మా?" అనడిగిందామె. కండ అంటే ఏమిటో ఆమెకి తెలియదు. అది నొప్పెడుతుందని మాత్రం తెలుసు.

చారుశీల ఇసకలో ఆమె పక్కనే కూర్చుని, మోకు కొస చేతిలోకి తీసుకుంది.

"మోకు విప్పితే పురులొస్తాయి. పురి విప్పితే పీచు వస్తుంది. కండ కూడా అంతే అవ్వా. కట్టలో కట్ట, ఆ కట్టలో ఇంకా సన్నటి పోగు. అన్నిటికన్నా లోపల రెండు రకాల దారాలుంటాయి. సన్నదాని పేరు యాక్టిన్, లావుదాని పేరు మయోసిన్. లావుదానికి ఒంటినిండా చిన్న చిన్న చేతులుంటాయి."

"సేతులా!"

"చేతుల్లాంటివే. మీ వరసలో వాళ్ళలాగే ఆ చేతులు సన్నదారాన్ని పట్టుకుని లాగుతాయి, ఒగ్గేస్తాయి, కొంచెం ముందుకి జరిగి మళ్ళీ పట్టుకుంటాయి. దారాలేమీ పొట్టివైపోవు. దువ్వెనలో దువ్వెన దూరినట్టు ఒకదాంట్లోకి ఒకటి జరుగుతాయి. అప్పుడు కండ బిగుస్తుంది."

ఎర్రాయమ్మ తన ముడతల మోచెయ్యి మడిచి, తెరిచి, మళ్ళీ మడిచి చూసుకుంది. ఇన్నేళ్ళూ ఈ తోలు కింద ఒక వల లాగుతూనే ఉందన్నమాట. లోపల అంతమంది ఉండగా తను ఒక్కతే అలిసిపోతోందని అనుకుంటూ వచ్చింది.

"మరి అలసటెందుకొస్తాది?"

"పట్టుకున్న ప్రతి చెయ్యీ విడిపోవడానికి ఏటీపీ అనే ఇంధనం కావాలి. అది మనం తిన్న తిండిలోంచే వస్తుంది. చిత్రం ఏమిటంటే, పట్టుకుని ఉండిపోవడానికి అది అక్కర్లేదు. ఒగ్గడానికే కావాలి. ఆలిచిప్పను చూడండి, రోజంతా మూసుకునే ఉంటుంది, అలిసిపోదు. దాని కండ ఒకసారి పట్టుకుని గొళ్ళెం వేసేస్తుంది. ఈ పట్టీ మనిషి కండకి ఆ గొళ్ళెం నేర్పుతుంది. బటన్ నొక్కితే పడుతుంది, మళ్ళీ నొక్కితే విడుతుంది."

ఎర్రాయమ్మ మోకు కొస పట్టుకుని, వదిలి చూసింది. "పట్టుకోడానికి కాదు, ఒగ్గడానికా కూడు కావాల," అని తనలో తనే అనుకుంది.

*

పట్టీలొచ్చాక వరసలు పొట్టివైపోయాయి. అల వెనక్కి లాగినప్పుడు మోకు జారకుండా బిగపట్టడానికే ఇదివరకు అంతమంది కావలసివచ్చేది. ఇప్పుడు మోకుకి ఆరుగురు కుర్రాళ్ళు చాలు.

"వొదినా, నువ్వింక కూకో. ఎన్నాళ్ళని లాగుతావు?" అన్నాడు గురయ్య. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు.

"కూకుంటే వాటా ఒస్తాదేటి మరిదీ?"

వాటా రాలేదు.

పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఆమె దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, ఈ అలసట పోతే బాగుణ్ణని. పోయింది. పోతూ పోతూ గంపలో చేపల్ని కూడా పట్టుకుపోయింది. మిగతా ముసలివాళ్ళతోపాటు ఒడ్డున కూర్చుని, పని లేని చేతులు ఒళ్ళో పెట్టుకుంటే, లాగిన రోజులకన్నా ఎక్కువగా అలిసిపోయేది.

ఇంకో సంగతి ఎవరూ గమనించలేదు. ఇదివరకు వల సగం వచ్చేసరికి తోకదగ్గర ఎవరో ముసలమ్మ, "ఇంక నా వల్ల కాదర్రా, ఒగ్గండి!" అని అరిచేది. మోకుని గుంజకి చుట్టి, అందరూ కూర్చుని సద్దికూడు తినేవాళ్ళు. ఇప్పుడు అలిసేవాళ్ళు లేరు గనక ఆగేవాళ్ళు లేరు. సద్దికూడు గిన్నెల్లోనే ఎండిపోతోంది. కుర్రాళ్ళు పొద్దున్న ఒక టీ తాగి వచ్చి, మధ్యాహ్నం దాకా ఆ మోకుమీదే ఉండిపోతున్నారు.

అలాంటి ఒకరోజు సముద్రం ఉన్నట్టుండి ఉబ్బింది. వల నిండుగా ఉంది. ముందు నిలబడ్డ నూకరాజుని అల నడుందాకా ముంచేసింది.

"ఒగ్గీండ్రా! మోకు ఒగ్గీండి!" అని అరిచాడు గురయ్య.

కుర్రాళ్ళు ఎడంచేత్తో బటన్లు నొక్కారు. కుడిచేతులు విడలేదు. మళ్ళీ నొక్కారు. వేళ్ళు మోకుమీద రాళ్ళలా బిగుసుకుని ఉన్నాయి.

"నాన్నా, సెయ్యి రావట్లేదు!" అని నూకరాజు కేకవేశాడు. రెండో అల అతన్ని భుజాలదాకా లాక్కుపోయింది.

ఎర్రాయమ్మ ఎప్పుడు లేచిందో, ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. మోకు తోక పట్టుకుని మడమలు ఇసకలో తన్నిపెట్టింది. వెనకే ముసలివాళ్ళందరూ రెండు మోకులమీదా వచ్చిపడ్డారు.

"అల ఎల్లేటప్పుడు గుంజొద్దు, కొంచిం ఇయ్యండి! ఒచ్చేటప్పుడు లాగండి!"

ఇచ్చారు, లాగారు. చివరివాళ్ళు ఒగ్గి, కుంటుకుంటూ ముందుకి పోయి మళ్ళీ పట్టుకున్నారు. ఎవరి ఊపిరి వాళ్ళకే వినబడుతోంది. కుర్రాళ్ళు మోకుకి గుచ్చిన చేపల్లా ఒక్కొక్కరే ఒడ్డుకి చేరారు. అప్పుడు గురయ్య, వాళ్ళ చేతులకి అవతల రెండు మోకులూ నరికేశాడు. వల, అందులో చేపలు, అన్నీ సముద్రం పాలయ్యాయి.

చేతులు మాత్రం విడలేదు. తెగిన మోకుముక్క పట్టుకుని నూకరాజు పసిపిల్లాడిలా కూర్చుంటే, ఎర్రాయమ్మ సద్దికూడు ముద్దలు చేసి నోట్లో పెట్టింది.

"పెద్దమ్మా, నీ వాటా తీసీసినోళ్ళం మేము," అన్నాడు నూకరాజు, ముద్ద మింగలేక.

"ముందు తిను. తిన్నాక ఏడుద్దువుగాని."

చాలాసేపటికి, వేడినూనె రాస్తుంటే, ఒక్కొక్క వేలూ విచ్చుకుంది. పక్కన కూర్చున్న చారుశీల ముఖం పాలిపోయి ఉంది. "నేను పరీక్ష చేసింది కడుపునిండా తిన్న మనిషి మీద," అంది. "ఖాళీకడుపు కండకి ఒగ్గే ఇంధనం చాలలేదు. అలసట రోగమనుకున్నాను అవ్వా. అది లోపలివాళ్ళు కొట్టే గంట. దాన్ని నేను ఆపేశాను."

*

అయినా పట్టీలు పోలేదు. అలవాటైన సుఖం ఎక్కడికి పోతుంది? చారుశీల ఒక మార్పు చేసింది. కుర్రాళ్ళ పట్టీలన్నిటికీ ఒకే బటన్, అది పట్టీ లేని మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషి మోకు తోక పట్టుకుని, వట్టి చేతులతో అందరితోపాటు లాగాలి. తను అలిసిపోగానే నొక్కాలి. ఆ పనికి నిండు వాటా.

అలా ఎర్రాయమ్మకి అలిసిపోవడమే ఉద్యోగమైంది.

"ఏటి వొదినా, ఇంకా అలవలేదా?" అని గురయ్య వేళాకోళమాడేవాడు.

"అలసట నీ మరదలేటి, పిలిస్తే రాడానికి?"

ఒక ఉదయం ఆమెకి ఎన్నడూ లేనంత హాయిగా మెలకువ వచ్చింది. మోకాలు నొప్పి లేదు. చల్లగాలికి ఒళ్ళు దూదిపింజలా ఉంది. మోకు పట్టుకుని లాగుతుంటే పెళ్ళినాటి బలం వచ్చినట్టుంది. ఎండ ఎక్కుతోంది గానీ అలసట జాడే లేదు.

ఆమె ముందుకి చూసింది. నూకరాజు నవ్వుతూనే ఉన్నాడు గానీ పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. వాడికా సంగతి తెలియదు.

మొగుడు అడిగినా, అత్త అడిగినా, పురిటిమంచం మీద మంత్రసాని అడిగినా, జీవితమంతా ఆమె చెప్పిన అబద్ధం ఒక్కటే: "నాకేటి అలుపు? నేదు."

ఎర్రాయమ్మ బటన్ మీద బొటనవేలు పెట్టింది.

"అలిసిపోనాన్రా అయ్యా," అంది. "ఒగ్గండి. కూడు తిందాం."