సైదావలి గది చీటీ

2023 నవంబరు 17, శుక్రవారం. పొద్దున్నుంచి ముసురు. తూర్పుగాలికి సముద్రపు ఉప్పు ముత్తుకూరు దాకా వచ్చి కిటికీ ఊచలకు అంటుకుంటోంది.

ఐసు ఫ్యాక్టరీ సందులో తాళం వేసిన ఆ గది ముందు పొద్దుగూకినాక నడవకూడదని నెల రోజులుగా చెప్పుకుంటున్నారు. లోపల మనిషి ఉండడు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు — కిర్రు కిర్రుమని ఎవరో రాస్తారు... ఆగుతారు... మళ్లీ రాస్తారు.

అది చనిపోయిన సైదావలి గారి కంప్యూటర్ సెంటరు. ఆయన పాత డాస్ కంప్యూటర్ ఇంకా బల్లమీదే ఉంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు. మా కాలేజీలో అలాంటిది ఒకటుంటే చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవాళ్లం — సరే, అది వేరే సంగతి. దానిమీద రెండు బ్రౌజర్లకు పోటీ పెట్టడం ఆయన పిచ్చి. అరాక్నే బొమ్మలతో సహా చూపిస్తుంది. లింక్స్ ఉత్త అక్షరాలే. ఏది ముందు పేజీ తెరిచిందో రోజూ నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

పిల్లల్లేరు. భర్త పోయిన నాటి నుంచి గడప దాటని ఆయన భార్య ముంతాజ్ బేగం, మరిది కొడుకులు షాహుల్, తహీర్‌లను పిలిపించింది.

"రాత్రి ఆడ ఉండి, ఆ చప్పుడేందో తేల్చినోడిదే గది," అంది తలుపు చాటు నుంచి.

గురువారం షాహుల్ వెళ్లి, చప్పుడు మొదలవగానే చెప్పులు వదిలేసి వచ్చినాడు.

"పెదనాన్నే, పెద్దమ్మా. పోటీ ఇంకా తేలలా ఆయనకి."

"నీ చెప్పులు నేను తెస్తాలే అన్నా," అన్నాడు తహీర్. సెల్‌ఫోన్లు బాగుచేసే తహీర్ తన బాడుగ కొట్టును ఆ వారంలో ఖాళీ చేయాలి. ఈ గది రాకపోతే సామానుతో సహా రోడ్డుమీదే.

శుక్రవారం రాత్రి ఇషా నమాజు అయ్యాక తాళం తీసి కూర్చున్నాడు. కిటికీ పక్కన పాత ప్రింటరు.

కరెంటు పోయింది. చీకటి... వాన...

కరెంటు వచ్చింది.

ఎవరూ తాకలేదు. తెర వెలిగింది. అరాక్నే తెరుచుకుంది... బొమ్మ సగం వచ్చి ఆగింది... దానంతట అదే మూసుకుంది. లింక్స్ తెరుచుకుంది. ప్రింటరు కదిలింది — కిర్రు... కిర్రు...

కిటికీ బయట గుసగుస.

"సైదావలన్నా... రేపు అలలెంత?"

ఊచల్లోంచి తడి చెయ్యి ఒకటి లోపలికొచ్చి కాగితం చింపుకుంది.

తహీర్ ఆ చేతిని పట్టేసుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో ఇప్పటికీ చెప్పలేడు.

"వదులన్నా. నేనే, చిన్నపోలయ్యని." సముద్రం మీద చేపల వేటకు పోయే మనిషి.

సంగతి తేలిపోయింది. స్విచ్చి వేసి ఉంటే పాత కంప్యూటర్ కరెంటు రాగానే లేస్తుంది. లేచి ఏం చెయ్యాలో సైదావలి ముందే రాసిపెట్టాడు — రెండు బ్రౌజర్లూ వరసగా తెరిచి, ఏది అందుకుంటే దాన్నుంచి సముద్రం కబురు అచ్చు వెయ్యమని. గదికి తాళం వేసినవాళ్లు స్విచ్చి ఆపలేదు.

"దెయ్యం కాదు మామా, స్విచ్చి," అని నవ్వాడు తహీర్.

"దెయ్యమని మేమెప్పుడన్నాం? రోజూ చీటీ తీసకపోతానే ఉండాం." చిన్నపోలయ్య కాగితం మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. "మొన్న స్తంభం పడి రెండు రోజులు కరెంటే లేదు గదా..."

"ఊఁ."

"అప్పుడూ వచ్చింది." గొంతు తగ్గించాడు. "చేత్తో రాసింది."

ముంతాజ్ బేగం మాట తప్పలేదు. గది తహీర్‌దయింది. కంప్యూటరూ ప్రింటరూ చిన్నపోలయ్య వాళ్ల జాలర్ల కుప్పానికి పోయాయి. చివర రెండు కాగితాలు చింపేసి ఉన్న సైదావలి నోటుపుస్తకాన్ని ఆమె తన పెట్టెలో పెట్టుకుంది.

షాహుల్‌కు ఏమీ రాలేదు. చెప్పులు కూడా. గదంతా వెతికినా అవి కనబడలేదు.