బయట గడియ ఉన్న గది

మిషనమ్మను పంపకూడని ఇంటికి పంపారు. ఆ ఇంటి మేడ మీద చివరి గదికి చెడ్డపేరుందని ఏజెంటుకు తెలుసు. తెలిసే పంపాడు.

ఈ సంగతి ఆమే నాకు చెప్పింది. నేను చూసింది కాదు, విన్నది. అయితే ఆమె కట్టుకథలు అల్లే మనిషి కాదు. నిజాన్ని కూడా పొదుపుగా చెప్పే రకం.

ఇళ్లలో ఉండి ముసలివాళ్లను చూసుకునే పనికి ఈ దేశం వచ్చిన మన ఆడవాళ్లం ఓ పదిమందిమి. ఆదివారం మధ్యాహ్నం బస్సు డిపో వెనక పార్కులో కలుస్తాం. ఎవరింట్లో ఎవరు మంచం పట్టారు, ఎవరు పోయారు, ఎవరి కోడలు ఫ్రిజ్‌కు తాళం వేస్తుంది... ఇవే మా కబుర్లు. ఆ గది గురించి నేను మొదట విన్నది అక్కడే. అందులో పనిచేసే మన మనిషి ఒకామె నిద్రలో గుండె ఆగి చనిపోయిందట. ఆమెకు ఆదివారం కూడా సెలవిచ్చేవాళ్లు కాదు కాబట్టి మాలో ఎవరమూ ఆమె మొహం చూడలేదు. పేరు కూడా తెలియదు. పెట్టెలో పెట్టి పంపేశాక తెలిసింది, అలాంటి మనిషి ఒకతె ఇక్కడ ఉండేదని.

తర్వాత ఇద్దరు వచ్చారు. వేరే దేశాలవాళ్లు. ఒకతె పదకొండు రోజులుంది, ఇంకొకతె నాలుగు. ఇద్దరూ ఒకటే చెప్పి పోయారు — రాత్రి రెండు దాటాక ఆ గదిలో ఒక ఆడగొంతు వినపడుతుంది. అది ముసలావిడ గొంతు కాదు. ఆ భాష ఈ దేశానిది కాదు.

మిషనమ్మ ఊళ్లో బట్టలు కుట్టేది. అందుకే ఆ పేరు. భర్త ఎటో పోయాడు, కూతురు హాస్టల్లో ఉంది. దిగిన రోజు ఆదివారం. ఏజెంటు ఆమెను మా పార్కు దగ్గరే వదిలి, ఇంటివాళ్లు సాయంత్రం వచ్చి తీసుకెళ్తారని చెప్పి పోయాడు. ఏ వీధి అని అడిగాం. చెప్పింది. అదే ఇల్లని మాకు తెలిసిపోయింది.

మా వంటక్క నోరు ఊరుకోదు. "ఆ ఇంట్లో చచ్చినా పని మానడానికి లేదమ్మా," అంది. "ఆవిడ ఇంకా డ్యూటీలోనే ఉందట. కనీసం ఇప్పుడైనా ఆదివారం సెలవిస్తున్నారేమో కనుక్కో."

మేం నవ్వాం. మిషనమ్మ నవ్వలేదు. ఏడాది నిలవకపోతే వెనక్కి పంపేస్తారట, నిజమేనా అని నన్నడిగింది. నిజమేనన్నాను. ఒకే ఇంట్లో ఏడాది చేస్తేనే ఇక్కడ ఉండటానికి కాగితాలు చేతికొస్తాయి. ముందే మానేస్తే వచ్చిన దారినే పోవాలి.

"అయితే దెయ్యం సంగతి ఏడాది తర్వాత చూస్తాలే అక్కా," అంది.

ఆ ఇంటి కోడలు చాలా పద్ధతైన మనిషి. చేతి తొడుగులు ఏ సొరుగులో, మందులు ఏ పూటవి ఏ అరలో, నీళ్లు చిక్కబడటానికి పొడి ఎన్ని చెంచాలు — పలచటి నీళ్లు తాగితే ముసలావిడకు పొలమారుతుంది — అన్నీ కాగితం మీద రాసి అలమరాకు అంటించింది. ముసలావిడ పిట్టంత మనిషి. మతి పూర్తిగా పోయింది. పగలు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడదు. ఇలాంటి వాళ్లను మేం మాలో మేం పెద్దమ్మ అనుకుంటాం. మిషనమ్మా అలాగే పిలిచింది.

చివర్న కోడలు తలుపు చూపించింది. గడియ బయటి వైపు ఉంది.

ముసలావిడ రాత్రిళ్లు లేచి తిరుగుతుందట. ఒకసారి మెట్ల మీద పడిందట. అందుకని పదింటికి బయట గడియ వేసి, పొద్దున ఆరింటికి తీస్తారట. లోపల రెండు మంచాలు, ఒక బాత్రూం, కిటికీకి ఊచలు. ఫోను రాత్రి కింద ఇచ్చెయ్యాలి, దాన్ని చూస్తూ కూర్చుంటే పగలు పని సాగదని. ఇంకో సంగతి కూడా చెప్పింది. ముసలావిడ రాత్రి తలుపు కొడుతుంది, పట్టించుకోవద్దు. వాళ్లూ పట్టించుకోరు. ఒకసారి తీస్తే రోజూ తియ్యాల్సి వస్తుంది.

మరి నాకేమైనా అయితే అని అడిగింది మిషనమ్మ, ఏజెంటు దగ్గర మూడు నెలలు నేర్చుకున్న భాషలో.

ఆరింటికి తీస్తాం కదా అంది కోడలు. విసుగేమీ లేదు. చాలా మామూలుగానే అంది.

మొదటి రాత్రి రెండు దాటింది...

టక్. టక్. టక్.

తలుపు మీద. లోపలి వైపు నుంచే.

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పెద్దమ్మే అయి ఉంటుంది, పట్టించుకోవద్దన్నారు కదా అని అటు తిరిగి పడుకుంది. అప్పుడు వినపడింది గొంతు. బొంగురుగా, ఊపిరి తెగి తెగి —

"అమ్మా... తలుపు తియ్యండమ్మా..."

తెలుగు.

ఆ వీధి మొత్తానికి తెలుగు తెలిసిన ప్రాణి తనొక్కతే. దుప్పటి తల మీదికి లాక్కుంది. చిన్నప్పుడు నేర్చిన దండకం ఎత్తుకుంటే సగంలో మరుపొచ్చి మళ్లీ మొదటికి వస్తోంది. చప్పుడు ఆగలేదు. మొదట మనిషి భుజమంత ఎత్తులో వినపడింది. కాసేపటికి నడుమంత ఎత్తులో. ఆ తర్వాత నేలకు దగ్గరగా... ఆ తర్వాత ఏమీ లేదు.

తెల్లారి చూస్తే పెద్దమ్మ తన మంచం మీద ముడుచుకుని ఉంది. ఆమె దుప్పటి మాత్రం తలుపు దగ్గర నేల మీద పరిచి ఉంది.

రెండో రాత్రీ అంతే.

మూడో రాత్రి మిషనమ్మ బాత్రూంలో లైటు వేసి, దాని తలుపు ఓరగా తెరిచి పడుకుంది. భయం కన్నా నిద్రలేమి ఎక్కువ బాధపెడుతోందట. అదేదో చూసి తేల్చేసుకుంటే పడుకోవచ్చు అనుకుంది.

రెండు దాటాక పెద్దమ్మ లేచింది. చప్పుడు లేకుండా తలుపు దగ్గరికి నడిచింది. నుదురు చెక్కకు ఆనించి, వేళ్ల కణుపులతో కొట్టింది. నోరు తెరిచింది. అందులోంచి ఇంకెవరిదో గొంతు వచ్చింది.

"అమ్మా... తలుపు తియ్యండమ్మా... ఊపిరాడట్లేదు..."

నిలబడలేనట్టు మోకాళ్లు వంచింది. నడుమంత ఎత్తులో కొట్టింది. గొంతు ఇంకా సన్నబడింది.

"పెద్దమ్మ కాదమ్మా... కొట్టేది పెద్దమ్మ కాదు... నేను... నేనమ్మా..."

కూలబడింది. నేల మీద చెంప ఆనించి, తలుపు కింది అంచు మీద రెండుసార్లు కొట్టింది. ఆగింది. కొంచెంసేపు అలాగే పడి ఉండి, లేచి, తన మంచం మీది దుప్పటి లాక్కొచ్చి ఆ ఖాళీ నేల మీద కప్పింది. అంచులు సర్దింది. వెళ్లి పడుకుంది.

మిషనమ్మకు అప్పటికే అర్థమైంది. అయినా ఒక్క విషయం తేల్చుకోవాలనిపించింది. లేచి వెళ్లి రెండు చేతులా తలుపు బాదింది. నేర్చుకున్న భాషలో పిలిచింది, ఆ తర్వాత తెలుగులో అరిచింది. ప్రాణం మీదికి వస్తే నేర్చుకున్న భాష నోట్లోకి రాదని అప్పుడే తెలిసిందట.

బయట అడుగుల చప్పుడు. తలుపు కింద సందులో వెలుతురు పడింది. ఆ ఇంటి కొడుకు... నడవాలో నడిచి వస్తున్నాడు. తలుపు ముందు నుంచే పోయాడు. గ్లాసులోకి నీళ్లు వంపిన చప్పుడు. మళ్లీ తలుపు ముందు నుంచే తిరిగి వెళ్లాడు.

వెలుతురు ఆరిపోయింది.

పొద్దున కోడలి అక్క వచ్చి టిఫిను బల్ల దగ్గర కూర్చుని ఉంది. కోడలు ఆమెకో వింత చూపిస్తానని ఫోను తీసింది. టక్ టక్... అమ్మా, తలుపు తియ్యండమ్మా... తలుపు బయట నిలబడి రికార్డు చేసిందట. కన్న కొడుకుతో మాట్లాడదు గానీ పోయిన పనిమనిషి భాష నేర్చేసుకుంది, ఎంత ప్రేమో చూడు అని నవ్వింది. అందుకే ఈసారి ఆ భాష మనిషే కావాలని ఏజెంటును ఏరికోరి అడిగారట. మిషనమ్మ వైపు తిరిగి, ఇది పాటా అంది.

మిషనమ్మ అర్థం చెప్పింది. వచ్చిన కొద్ది భాషలో, ఒక్కో మాటా విడదీసి. తలుపు తియ్యండి. ఊపిరి ఆడటం లేదు. కొడుతున్నది ముసలావిడ కాదు. నేను.

కోడలు ఫోను బోర్లా పెట్టింది. వాళ్ల అక్క కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. కోడలే అంది, జబ్బు మనిషి, ఏవేవో కల్పిస్తుంది అని.

ఆ రాత్రి పదింటికి గడియ పడింది. రోజూ కన్నా మెల్లగా వేశారు. అంతే తేడా.

మిషనమ్మకు ఆదివారం సెలవిచ్చారు. పార్కులో ఇదంతా విని మాలో ఒకరు పోలీసులన్నారు. సాక్షికి ఇవాళ ఏ వారమో తెలియదు, డాక్టరు గుండె అని రాసిచ్చేశాడు, ఇంకెవరిని చూపించను అంది మిషనమ్మ. కాగితాలు పోతే పోయాయి, బయటికొచ్చెయ్యమని నేనన్నాను.

"నేను వచ్చేస్తే ఇంకొకతె వస్తుంది అక్కా. దానికి ఆ మాటలు అర్థం కావు," అంది.

మర్నాడు కోడలు బయటికి వెళ్లిన వేళ గడియకున్న నాలుగు మరలూ ఊడదీసి, దాన్ని భోజనాల బల్ల మీద, కోడలు కూర్చునే చోట పెట్టింది. ఇంకోటి తెచ్చి బిగించారు. దాన్నీ ఊడదీసింది. పంపేస్తామన్నారు. పంపండి, పోయేముందు మీ అత్తగారి మాటలు కాగితాల మీద రాసి వీధిలో ప్రతి గుమ్మానికీ అంటించి పోతాను అంది. మూడో గడియ రాలేదు.

ఏడాది తిరిగింది, కాగితాలు వచ్చాయి. మంచి ఇళ్లు రెండు చూసిపెట్టాను. రానంది. ఆ ముసలి ప్రాణం ఉన్నన్నాళ్లూ ఆ గదిలో ఎవరు తట్టినా తాను తలుపు తియ్యాల్సిందేనని అప్పటికే తేల్చుకుంది.

చలికి తలుపు మూసుకుని పడుకునేవాళ్లు. రెండు దాటాక టక్ అనేది. మిషనమ్మ లేచి తీసేది. నడవా ఖాళీగా ఉండేది. పెద్దమ్మ బయటికి అడుగు పెట్టేది కాదు... గోడవారకు ఒదిగి, లోపలి నుంచి ఎవరో బయటికి వెళ్తుంటే దారి ఇచ్చినట్టు నిలబడేది. వాళ్లు దాటేంతసేపు ఆగి, వచ్చి పడుకునేది.

నీకెవరైనా కనపడ్డారా అని ఒకసారి అడిగాను. తియ్యడం వరకే నా పని అంది.

పెద్దమ్మ ఇంకో మూడేళ్లు బతికింది. మిషనమ్మకు జ్వరాలొచ్చాయి, నడుము పట్టేసింది, ఒక చలికాలం చెయ్యి విరిగి కట్టుతో ఉంది. గడియ పోయాక ఆ నాలుగేళ్లలో ఒక్క రాత్రి కూడా రెండోసారి తట్టించుకోలేదు.