డిపోలో చివరి ఛార్జర్

“ఈసారి నువ్వు తీసుకెళ్లేది ఎలక్ట్రిక్ కారు,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ మొహం చేదు మాత్ర మింగినట్టయింది. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ పెట్రోలు అంటారు. చిన్న నిప్పురవ్వ తగిలితే చాలు, భగ్గుమంటాడు. పైగా ఇంజన్ చప్పుడు లేని బండిని అతను బండిగానే ఒప్పుకోడు.

“నా పాత కారుకేం రోగం సార్?”

“అది వస్తుంటే వీధి చివర నిద్రపోతున్న శత్రువు కూడా లేచి కూర్చుంటాడు. విను. ఇవాళ్టినుంచి సిటీలో బస్సులన్నీ కరెంటువే. మొదటిరోజే వాటిని తగలబెట్టాలని ఒక విదేశీ ఆయిల్ ముఠా ప్లాన్ వేసింది. నెమలి అనే మన ఏజెంటుకి ఎలాగో తెలిసింది. డిపోలో నిన్ను కలుస్తుంది. నువ్వు ఛార్జర్లు రిపేర్ చేసే టెక్నీషియన్‌వి. కోడ్ మర్చిపోకు.”

మొదటి బస్సు తోలబోయేది పెట్రోలు సొంత అక్క. ఆవిడా, అతని భార్యా ఇద్దరూ అతను ఏదో కంపెనీలో సేల్స్ చూస్తున్నాడనుకుంటున్నారు. అక్క సంగతి చీఫ్‌కి చెబితే వేరేవాణ్ని పంపుతాడు. అందుకే నోరు మూసుకుని తాళం అందుకున్నాడు.

డిపోలో చివరి ఛార్జర్ దగ్గర కారు ఆపి, అందరిలాగే కేబుల్ తగిలించి, లోపల కూర్చున్నాడు. కాసేపటికి ఎర్రకోటు, నల్ల కళ్లద్దాలు వేసుకున్న అందగత్తె ఒకామె అద్దం మీద తట్టింది.

“మైలేజ్ ఎంతిస్తుంది?”

“అడిగినవాళ్లకి ఇవ్వదు.”

కోడ్ కుదిరింది. నెమలి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. వెంటనే నాలుగు తలుపులూ టకామని లాకయ్యాయి. ఏసీ ఆగి హీటర్ మొదలైంది. ముందున్న స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత ఒకటి మెల్లగా పెరగసాగింది. పైన ‘అప్‌డేట్’ అని ఉంది.

నెమలి తలుపు లాగింది. మళ్లీ లాగింది. కళ్లద్దాలు తీసేసింది.

“ఇలా జరక్కూడదే! నేను దిగాకే లాక్ పడాలి!”

“అంటే నువ్వు…”

“అవును, వాళ్ల మనిషినే. ఈ కారులో ప్రోగ్రామ్ ఎక్కించింది కూడా నేనే. డిపార్ట్‌మెంట్ కారు కదా, గేటు దగ్గర ఎవరూ చెక్ చెయ్యరు. కేబుల్లోంచి ఛార్జర్‌కి, అక్కణ్ణించి ప్రతి బస్సుకీ వెళ్తుంది. బస్సులు దారిలో ఉన్న సొరంగంలోకి రాగానే తలుపులు లాక్. బ్యాటరీలు మంటలు. ఇక కరెంటు బండి అంటే జనం దూరంనుంచే దణ్ణం పెడతారు.”

“మరి నిన్ను కూడా లోపలే ఎందుకు వదిలేశారు?”

“కూరలో కరివేపాకుని ఎందుకు తీసేస్తారు?” అంది కసిగా.

పెట్రోలు చేతి గడియారం అద్దానికి ఆనించి మీట నొక్కాడు. అది ఉక్కునైనా కోసే లేజర్. కుయ్యిమని ఆగిపోయింది. ఛార్జింగ్ లేదు. బూటుకాలితో అద్దాన్ని తన్నాడు. బుల్లెట్‌ప్రూఫ్ అద్దం కావాలని స్వయంగా ఫైలు మీద సంతకం పెట్టింది తనే. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చెమట కళ్లలోకి కారుతోంది. పీల్చే గాలి కూడా వేడిగా ఉంది. గీత సగం దాటింది.

అవతల వరసలో అక్క కనిపించింది. కొత్త యూనిఫారం వేసుకుని, బస్సు అద్దం తుడుస్తూ ఎవరితోనో నవ్వుతోంది. పెట్రోలుకి భయం వేసింది. ఉద్యోగంలో ఎన్నడూ వెయ్యనంత భయం. చిన్నప్పుడు తప్పిపోయినప్పుడు అరిచినట్టు “అక్కా!” అని అరిచాడు. ఆవిడ ఇటు చూడనేలేదు.

“హారన్ పనిచేస్తుందా?” అన్నాడు హఠాత్తుగా.

“పనిచేస్తుంది. దాన్ని మావాళ్లు పట్టించుకోలేదు. బస్ డిపోలో హారన్ ఎవడు వింటాడు అన్నారు.”

ముఠావాళ్లు జీవితమంతా చూసింది డీజిల్ డిపోలు. ఆ రొదలో పక్కవాడి తిట్టు కూడా వినపడేది కాదు. ఇప్పుడిక్కడ ఒక్క ఇంజన్ లేదు. ఎవరో దగ్గితే డిపో చివరిదాకా వినిపిస్తోంది.

పెట్రోలు హారన్ కొట్టాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. బండి చక్రాల దగ్గర మనిషి ఉన్నాడు, ఎక్కడివాళ్లక్కడ ఆపండి అని దానర్థం. డ్రైవర్లలో అదొక కట్టుబాటు. ముందు ఆపాలి, తర్వాతే అడగాలి. అక్క అన్నం తింటూ చెప్పిన కబుర్లలో ఎన్నిసార్లు విన్నాడో!

డ్రైవర్లందరూ ఉలిక్కిపడి తమ తమ బస్సులు ఆఫ్ చేసి దిగారు. వంగి చక్రాల కింద చూడటం మొదలుపెట్టారు. కానీ కేబుల్ తగిలించి ఉన్న బస్సు ఆగినా ఛార్జింగ్ ఎక్కుతూనే ఉంటుంది. గీత ఆగలేదు.

“అయ్యో, అది కాదు! కరెంటు! కరెంటు ఆపండి!” అని స్టీరింగ్ మీద తల బాదుకున్నాడు. మళ్లీ కొట్టాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

అక్క లేచి నిలబడింది. అన్ని బస్సులూ ఆగినా హారన్ ఆగలేదంటే ఇంకా ఆగనిదేదో ఉందన్నమాట. చుట్టూ చూసింది. ఛార్జర్ల మీద దీపాలు వెలుగుతున్నాయి.

“ఎవరికో షాక్ కొట్టినట్టుందిరా!” అని కేకపెట్టి, గోడ దగ్గరికి పరిగెత్తి, ఎర్ర మెయిన్ స్విచ్చి అరచేత్తో గుద్దింది.

డిపో అంతా ఒక్కసారి ఆరిపోయింది. స్క్రీన్ మీద గీత చివరి అంగుళం దగ్గర వణికి మాయమైంది. కేబుల్ మీద బతుకుతున్న ప్రోగ్రామ్ చచ్చి, లాకులు ఊడాయి.

అక్క హారన్ మోగిన కారు దగ్గరికి పరిగెత్తుకొచ్చి తలుపు తెరిచింది. లోపల తమ్ముడు. పక్కన ఎర్రకోటు సుందరి. ఇద్దరూ నిలువెల్లా చెమట.

“ఒరేయ్… నువ్వా?” అంది. ఆవిడ గొంతు మారిపోయింది. “ఈవిడెవర్రా?”

దేశ రహస్యం. చెప్పడానికి వీల్లేదు. చీఫ్‌కి కబురంది మనుషులు రావడానికి టైం పడుతుంది. నెమలి ఇటు తిరిగి, ఎంతో వినయంగా, “నమస్తే వదినా,” అంటూ అవతలి తలుపు మీద చెయ్యి వేసింది.

పెట్రోలు చటుక్కున ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు.

“వదలరా చెయ్యి!” అంది అక్క, బుసకొడుతూ. “మా మరదలికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా!”

వదిలితే దేశద్రోహి పారిపోతుంది. వదలకపోతే కాపురం పోతుంది. డ్యూటీ డ్యూటీయే కనుక, పెట్రోలు కళ్లు గట్టిగా మూసుకుని, ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.