గోదుమల షెడ్డులో దగ్గు

మద్రాసు హార్బరులో గోదుమలు దాచే చివరి షెడ్డు పక్కకు, పొద్దు గుంకినాక ఎవరూ పోయేవాళ్లు కాదంట. లోపల మనిషనేవాడు లేడని చూసుకోని, తలుపులు మూసి, సందులకు కాగితాలంటించి, బీగమేసినాక... లోపల ఎవరో దగ్గుతారంట.

ఈ సంగతి జరిగిన ముందటేడు వానల్లో ఒక కూలోడు ఆ షెడ్డులోనే చచ్చిపోయినాడు. తలుపులు తెరిచేటప్పటికి మూటల మధ్య ముడుచుకోని పడి ఉన్నాడంట. లోపల దగ్గే దెయ్యమే వాణ్ని లోపలికి లాక్కోని చంపిందని చెప్పుకున్నారు.

ఈ సంగతి నాకు చెప్పింది ప్రొద్దుటూరు మాబున్ని. జరిగింది ఆమె వదిన షంషాద్‌కు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో వానల్లేవు, మగ్గాలకు పనిలేదు. షంషాద్, ఆమె మొగుడు వలి బాషా జమ్మలమడుగు ఇడిచిపెట్టి మద్రాసు పోయినారు. హార్బరులో కావలి ఉండే పులివెందుల మల్లికార్జునయ్య వాళ్లకు పని చూపించినాడు. వలి మూటలు మోసేవాడు. షంషాద్ కిందబడిన గింజలు ఊడ్చి చెరిగేది.

అక్కడ ఏ సరుకు జాగా దానిదే. గంధకం నిప్పుకు దూరంగా, ఒంటి షెడ్డులో. నూనె తీసిన శెనక్కాయ చెక్క తడి తగిలితే లోపల్లోపలే కాగిపోతాదని గాలాడే చోట. ఓడల్లో వచ్చే అమెరికా గోదుమలకు పురుగు భయం. మూటలు కొండ మాదిరి పేర్చి, పైన పట్టాలు కప్పి, అంచుల మీద ఇసక మూటలు పెట్టి, అడుగుకు విషగాలి వదిలి, తలుపు సందులకు కాగితాలంటించి మూసేవాళ్లు. ఆ గాలికి పురుగూ మిగలదు, ఎలకా మిగలదు.

ఒక పొద్దు వలికి జరం. అయినా పనికి పోయినాడు. సాయంత్రం షంషాద్ సంగటి తెచ్చి గేటు దగ్గర కూచుంది. కూలోళ్లంతా బయటికొచ్చినారు... వలి రాలేదు.

"సినిమాకు పోయింటాడు లేమ్మా," అన్నారెవరో.

జరంతో ఉన్నోడు సినిమాకేం పోతాడు? ఆమె లేచి, షెడ్ల మధ్య ఒక్కొక్క సందూ చూసుకుంటూ నడిచింది. చీకటి పడింది. దూరాన ఒక ఓడ కూతేసి ఊరుకుంది. చివరి షెడ్డు ముందర, తలుపుకు ఎడంగా, లాంతరు పక్కన మల్లికార్జునయ్య కూచోని ఉన్నాడు. నొసటి నిండా విబూది.

"మామా, మా ఆయప్పను చూసినావా?"

ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"మెల్లగా... అది లేచింది."

లోపల దగ్గు — పొడి దగ్గు. ఆగింది... మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఇనుప తలుపును ఎవరో గోళ్లతో గీకినట్టు ఒక చప్పుడు.

షంషాద్ సంగటి గిన్నె ఎదకు అదుముకుంది. రెండడుగులు ఎనక్కేసింది.

"పలకొద్దు," అన్నాడాయన గుసగుసగా. "పలికితే నిన్నూ పిలుచ్చాది. ఈడనుంచి పో తల్లీ."

ఆమె పోలేదు. చెవులు రిక్కించి నిలబడింది. దగ్గు... ఊపిరి ఎగపోత... మళ్లీ దగ్గు. ఈసారి మునపటి కంటే సన్నంగా.

"సచ్చినోళ్లకు ఊపిరి యాడిది మామా?" అంది. "ఊపిరి లేకుండా దగ్గెట్లొచ్చాది?"

ఆయన ఇంకా ఎడంగా జరిగి కూచున్నాడు.

"బీగంచెవి ఇయ్యి."

"లోపల విషగాలి ఉందమ్మా. తెరిస్తే నా పని పోతాది... నీ పానం పోతాది."

"ఇయ్యి మామా."

ఆయన లేవబోతే ఒళ్లోనుంచి బీగంచెవుల గుత్తి జారిపడింది. ఆమె గిన్నె దించి గుత్తి తీసుకుంది. ఆయన పక్కనున్న కుండలో నీళ్లతో కొంగు తడిపి ముక్కుకు, నోటికి చుట్టుకుంది. కాగితాలు పీకింది. బీగం తీసి, భుజమానించి తలుపు నెట్టింది.

కళ్లు భగ్గుమని మండినాయి. లాంతరు వెలుగులో, గడప పక్కనే — ఒక చెయ్యి.

అది మనిషిదో దెయ్యానిదో ఆమె చూడలేదు. రెండు చేతులా పట్టుకోని, ఊపిరి బిగబట్టి ఈడ్చింది. బయట, సముద్రం గాలి కొట్టే చోటికి తెచ్చినాకనే మొగం చూసింది.

వలి.

జరం తాళలేక మూటల ఎనక పండుకున్నాడు. మూసేవాళ్లకు కనపళ్లేదు. మెలకువొచ్చేటప్పటికి చీకటి, గొంతులో మంట, నోట మాట లేదు. తలుపుదాకా పాక్కుంటూ వచ్చినాడు.

ఆసుపత్రిలో బతికినాడు. కానీ చేతుల వణుకు పోలేదు; మళ్లీ మగ్గం మీద నాడె వేసి నెయ్యలేకపోయినాడు.

ఆ తెల్లవారి ఆసుపత్రి వరండాలో మల్లికార్జునయ్య టీ గ్లాసు తెచ్చి షంషాద్ ముందర పెట్టి, దూరంగా గోడకానుకోని కూచున్నాడు. ఆమె టీ ముట్టలేదు.

"మామా... ముందటేడు ఆ కూలోడు సచ్చిన రాత్రి గూడా కావలి నువ్వేనా?"

"నేనే."

"ఆ పొద్దు గూడా దగ్గు వినపడిందా?"

ఆయన తలెత్తలేదు. "వినపడింది."

"ఎంతసేపు?"

లోపల ఎవరో మూలిగినారు. ఒక ఆయమ్మ చీపురు తీసుకోని వాళ్ల మధ్యనుంచి నడిచిపోయింది.

"తెల్లారేదాకా," అన్నాడు.