ప్రాగ్ వంతెన మీద తాళం

రాజరాజేశ్వరి శవం మంచానికీ తలుపుకీ మధ్య బోర్లా పడి ఉంది. ఎడమ చెయ్యి తలుపు వైపు చాచి ఉంది.

కోకాపేటలో ఇరవై రెండో అంతస్తు. ఆ ఫ్లాట్‌లో అన్నిటికన్నా చిన్న గది అది. బాత్రూమ్ లేదు, ఒక కమోడ్ కుర్చీ ఉంది. కిటికీకి మందపాటి అద్దం బిగించారు. లోపల ఎంత అరిచినా పక్కింటికి వినపడదు. ఆవిడ అరిచి ఉండదు కూడా. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది.

"ఒంట్లో నీరు లేక చనిపోయింది," అన్నాడు డాక్టర్. "ప్రాణం పోయి ఒక రోజు దాటింది."

ఇన్‌స్పెక్టర్ ఓదెలు గదిని ఇంకోసారి చూశాడు. నీళ్ల గ్లాసు లేదు. అన్నం పెట్టిన పళ్లెం లేదు. సర్వీసులో కత్తిపోట్లూ ఉరితాళ్లూ చాలానే చూశాడు గానీ, డాక్టర్ శవాన్ని తిప్పినప్పుడు ఎండి పగిలిన ఆ పెదవులు చూసి మొహం తిప్పుకున్నాడు.

రాజరాజేశ్వరికి యాభై ఆరేళ్లు. తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసింది. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ని పెంచి, ఇంజనీరింగ్ చదివించి, ఆ హడావుడిలో తన పెళ్లి సంగతి వదిలేసింది. ఆ తమ్ముడు ఉదయ్ భాస్కర్ ఇప్పుడు హాల్లో సోఫా మీద తల పట్టుకుని కూర్చున్నాడు. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. పక్కన భార్య జయంతి. ఎయిర్‌పోర్టు ట్యాగులతో రెండు సూట్‌కేసులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆరు రోజుల ప్రాగ్ యాత్ర ముగించుకుని ఆ తెల్లవారుజామునే దిగారు.

బయల్దేరిన సాయంత్రం అక్కయ్యను పనిమనిషి బుచ్చమ్మకు అప్పగించామని ఉదయ్ చెప్పాడు. ఆరు రోజులూ ఆమె ఇంట్లోనే ఉండి చూసుకోవాలి. అదీ ఒప్పందం. తిరిగి వచ్చేసరికి బుచ్చమ్మ లేదు. అక్కయ్య గదికి బయటి నుంచి తాళం. సుత్తితో పగలగొట్టి చూస్తే ఇలా ఉందన్నాడు.

"పలిగిన తాళం ఏది సార్?" ఓదెలు అడిగాడు.

"ఏం చేస్తున్నానో నాకే తెలియలేదండి. చెత్త డబ్బాలో పడేశాను. పొద్దున్నే బండి వచ్చి తీసుకుపోయింది."

"ఎసొంటి తాళం?"

"పాత ఇత్తడి తాళం. అక్కయ్య ట్రంకు పెట్టెది. ఒంటరిగా ఉన్నప్పుడు పాక్కుంటూ బాల్కనీలోకి పోతుందని ఆ గదికి వేసేవాళ్లం. చెవి ఒక్కటే ఉందండి. అది బుచ్చమ్మ దగ్గరే ఉంటుంది."

గేటు కెమెరాలో వీళ్ల క్యాబ్ అయిదూ పదికి లోపలికి వచ్చింది. పోలీసులకు ఫోను ఏడూ నలభైకి వెళ్లింది. ఈ మధ్యలో ఏం చేశారంటే జయంతి ఏడుస్తూ జవాబు చెప్పింది. ఆ స్థితిలో ఆవిణ్ని నలుగురికీ చూపించలేక గది కడిగిందట. నమ్మదగ్గ మాటే. నమ్మి తీరాల్సిన మాట మాత్రం కాదు.

మధ్యాహ్నానికల్లా బుచ్చమ్మ దొరికింది. శంకర్‌పల్లి దగ్గర ఊళ్లో, మరిది కూతురి పెళ్లింట్లో. ఎస్సై యశస్వినికి సోదా చెయ్యాల్సిన పని కూడా లేకపోయింది. తాళం చెవి బుచ్చమ్మ మెడలో, పుస్తెలతాడుకు గుచ్చిన పిన్నీసుకు వేలాడుతోంది.

బుచ్చమ్మ చెప్పిన కథ వేరు. ఊరికి వెళ్లే రోజున జయంతి ఆమెకు సెలవిచ్చిందట. తన తమ్ముడు రాత్రికి వచ్చి పెద్దమ్మను మదీనాగూడలో తన ఇంటికి తీసుకుపోతాడని చెప్పిందట.

"పెద్దమ్మ పండుకున్నది, లేపకు అన్నది సారూ. గదికి కొత్త తాళం ఏసి ఉండె. నేను గిన్నెలు కడిగి, పెద్ద తలుపు గుంజి పోయిన."

"కొత్త తాళమా?"

"తెల్లగ, పెద్దగ ఉండె. నా తాన ఉన్నది పాతదాని చెవి."

మదీనాగూడలో జయంతి తమ్ముడు వెంకట్‌ను అడిగారు. తనను ఎవరూ రమ్మనలేదన్నాడు. కారిడార్ కెమెరాలో ముందు దంపతులు, అరగంట తరవాత బుచ్చమ్మ వెళ్లడం కనిపించింది. అది రెండు కథలకూ సరిపోతుంది. మెడలోని చెవి మాత్రం పైకి చూస్తే ఉదయ్ కథకే సరిపోతుంది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు అప్పటికే తీర్పు ఇచ్చేసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. పనిమనిషి మీద చెప్పడానికైతే వినేవాళ్లు పిలవకుండానే వస్తారు.

రేపు మధ్యాహ్నం కోర్టులో పెడితే బుచ్చమ్మకు రిమాండ్ ఖాయమని యశస్విని అంది. ఆ మాట బుచ్చమ్మకూ వినపడింది. ఆమె జైలు గురించి అడగలేదు.

"ఆఖరి గడియల నోట్లె గుక్కెడు నీళ్లు పోసేటోళ్లు లేకపాయె," అంది. మళ్లీ మళ్లీ అదే అంది.

ఓదెలుకు ఆ మాట గుచ్చుకుంది. మనుషుల్ని ఏడుపును బట్టి నమ్మకూడదని అతనికి తెలుసు. కానీ ఒక తాళం ఉన్నదో రెండు ఉన్నాయో తేలకుండా ఒక ఆడమనిషిని జైలుకు పంపడం అతని వల్ల కాలేదు.

ప్రయాణం నిజమేనా అని రూఢి చేసుకోవడానికి దంపతుల ఫోన్లలోని ఫొటోలు తీసుకున్నాడు. ఓదెలుకు పాస్‌పోర్టు లేదు. ప్రాగ్ ఏ దేశంలో ఉందో కూడా యశస్వినే చెప్పింది. రాళ్లు పరిచిన వీధులు. పాతకాలపు గడియారం కింద జయంతి. కొండ మీద కోట ముందు ఇద్దరూ. హోటల్ గదిలో కాగితం ప్లేట్లలో పులిహోర, కందిపొడి. నది పక్కన కాలువ మీద చిన్న వంతెన.

ఆ వంతెన ఫొటోల దగ్గర ఓదెలు ఆగిపోయాడు. వేళ్లతో పెద్దవి చేసి చాలాసేపు చూశాడు.

మర్నాడు పదింటికి అందర్నీ ఆ ఫ్లాట్‌కే పిలిపించాడు. ఉదయ్, జయంతి సోఫా మీద కూర్చున్నారు. బుచ్చమ్మ గోడ పక్కన నిలబడింది. యశస్విని పెద్ద టీవీలో ఒక ఫొటో పెట్టింది. వంతెన కమ్మీల నిండా వందల తాళాలు. వాటి ముందు నవ్వుతూ భార్యాభర్తలు.

"ఇదేం ఆచారం మేడం?" ఓదెలు తీరిగ్గా అడిగాడు.

ప్రేమించుకున్నవాళ్లు పేర్లు రాసి అక్కడ తాళం వేస్తారనీ, చెవి నీళ్లలో పడేస్తే ఎప్పటికీ విడిపోరనీ జయంతి చెప్పింది.

"తాళం ఆడనే కొన్నరా?"

"లేదండి, ఇంటి నుంచే పట్టుకెళ్లాం. అక్కడి రేటు మన రూపాయల్లోకి మార్చి చూస్తే..."

ఆగిపోయింది. విదేశంలో ఏం ఖర్చు తప్పించుకున్నామో చెప్పేటప్పుడు మనవాళ్ల గొంతులో ఒక చిన్న గర్వం ఉంటుంది. ఆ గర్వమే ఆమెకన్నా ముందు జవాబు చెప్పేసింది.

"మరి చెవి నీళ్లల్ల ఏసిన ఫొటో లేదేంది మేడం?"

జయంతి ఉదయ్ వైపు చూసింది.

"మీ తాన ఉంటే కద. తీసి ఉన్న తాళం నొక్కితే పడుతది. చెవి అక్కర లేదు."

యశస్విని రెండో ఫొటో పెట్టింది. అదే తాళం, దగ్గరగా. గాలికో చెయ్యి తగిలో అటు తిరిగింది. మార్కర్‌తో రాసిన ఇద్దరి పేర్లు అవతల పక్కకు పోయాయి. ఇవతల, ఇత్తడి మీద చెక్కిన తెలుగు అక్షరాలు. 'రాజరాజేశ్వరి, టీచర్.'

మన ఇళ్లల్లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు. లెక్కల టీచరు ట్రంకు తాళం మీద కూడా కొట్టించుకుంది. రోజూ చూసే గిన్నె మీది పేరును ఎవరూ చదవరు. ఫొటో తీసినవాళ్లూ చదవలేదు.

"ఇది మీరు పోయిన మూడో దినం ఫొటో," ఓదెలు ఉదయ్ వైపు తిరిగాడు. "ఆ పాత తాళం ప్రాగ్‌ల ఉన్నది. ఇగ మీరు సుత్తితోని పలగ్గొట్టింది ఏ తాళం సార్?"



మిగతాది ఓదెలే చెప్పాడు. పాత తాళం చెవి బుచ్చమ్మ దగ్గర ఉంది. ఆమె మధ్యలో వచ్చి ఆ గది తలుపు తీస్తే, పెద్దమ్మను ఎవరూ తీసుకుపోలేదని తెలిసిపోతుంది. అందుకని కొత్త తాళం కొని, వెళ్తూ వెళ్తూ వేశారు. పాతది ఖాళీగా ఉంది కదా అని సంచిలో వేసుకున్నారు. వచ్చాక కొత్తదాన్ని సొంత చెవితోనే తీసి, మాయం చేసి, మెడలో చెవి ఉన్న మనిషిని చూపించారు.

"చంపాలని కాదండి," అంది జయంతి. టికెట్లు రద్దు చేస్తే డబ్బు రాదు. ఆరు రోజులు ఇల్లంతా పనిమనిషి చేతిలో పెట్టి పోవాలంటే భయం వేసింది. వెంకట్‌ను అడిగితే మొహం మీదే కుదరదంటాడు. "ఆరు రోజులే కదా అనుకున్నామండి."

"ఉత్తినే వదిలెయ్యలేదు సార్," ఉదయ్ అన్నాడు. "అరటిపళ్లు, బ్రెడ్డు పెట్టాం. ఒక పెట్టె నిండా కొత్త నీళ్ల బాటిళ్లు మంచం పక్కనే పెట్టాం."

"నీళ్లుంటే దూపతోని ఎట్ల సచ్చింది?"



"అన్నీ నిండుగానే ఉన్నాయి సార్. సీలు మూత తిప్పాలంటే రెండు చేతులు కావాలి. నాకు తట్టలేదు." ఉదయ్ మొహం కప్పుకున్నాడు. "మూతల మీద పంటి గాట్లు ఉన్నాయి. ఒకటి కాకపోతే ఇంకోటని... అన్నిటి మీదా ఉన్నాయి. అవి మీకు కనపడకూడదనే ముందు వాటిని పారేశాను."

యశస్విని టీవీ ఆపేసింది.

ఓదెలు లేచి, ఇద్దర్నీ జీపు ఎక్కించమన్నాడు. బుచ్చమ్మ దగ్గరికి వచ్చి, ఇక ఇంటికి వెళ్లమని చెప్పాడు. ఆమె కదల్లేదు. చెంగుతో మొహం తుడుచుకుంది.

"తమ్ముడు జైలుకు పాయె. మార్చురీల ఉన్న పెద్దమ్మను నాకిస్తరా సారూ?"