ఎడమ కాలి మీద ఇరవై ఆరు సెకన్లు

"ఈ చీటీ మార్చండి," అంది కొంగ.

అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ ఆ పేరుతో పిలిచే నాథుడే లేడు. వాలీబాల్ జట్టులో అందరికంటే పొడుగు కాబట్టి అందరికీ కొంగే. ఫిజియో ఒక్కడే ఆ పేరు నోట పలకకుండా, 'అండీ, మీరు' అంటూ దూరంగా మాట్లాడేవాడు. అది చూస్తే ఆమెకి ఒళ్లు మండేది.

"కుదరదండీ. మీ చేత్తో మీరే తీశారుగా!"

"నా చెయ్యి మంచిది కాదు."

"నా కళ్లు మంచివే. 'ఒకే రకం' అని స్పష్టంగా రాసుంది."

పక్కనున్న అమ్మాయిలు కిసుక్కుమన్నారు. కొంగ మాత్రం నవ్వలేదు.

అది ఫిజియో రెండేళ్లుగా తలకెత్తుకున్న పరిశోధన. జట్టులో పదహారు మంది. చీటీల్లో వచ్చినదాన్ని బట్టి, ఎనిమిది వారాల పాటు సగం మంది నిట్టనిలువుగా ఒకే రకం జంప్ చేయాలి. మిగతా సగం ముందుకీ, పక్కకీ, ఒంటికాలి మీదా, గాల్లో సగం తిరిగీ రకరకాలుగా చేయాలి. లెక్క మాత్రం అందరికీ రోజుకి నలభై. చివరికి కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ఎవరు ఎక్కువసేపు నిలబడతారో చూడాలి.

పోయినేడాది వల కింద ఇంకొకరి పాదం మీద దిగి కొంగ ఎడమ చీలమండ మెలిపడింది. వాపు తగ్గింది కానీ భయం తగ్గలేదు. స్మాష్ కొట్టి దిగిన ప్రతిసారీ బరువంతా కుడి కాలి మీదే వేసేది. మొదటి పరీక్షలో ఎడమ కాలి మీద ఏడు సెకన్లే నిలబడింది. ఇలాగే ఉంటే టోర్నమెంట్ జట్టులో చోటు గల్లంతే. రకరకాల జంపులే తనని బాగుచేస్తాయని ఆమెకి గట్టి నమ్మకం.

కోచ్ మేడమ్ మొదటిరోజే హెచ్చరించింది. "లెక్కకి మించి ఒక్క జంప్ చేశారని తెలిసినా జట్టులోంచి పేరు కొట్టేస్తాను. అతిగా ఎగిరి మోకాళ్లు పాడుచేసుకున్నవాళ్లని చాలామందిని చూశాను."

అయినా కొంగ వినలేదు. పక్క గుంపువాళ్లు చేసేది గ్రౌండ్‌లో ఓరకంట చూసి, తెల్లారగానే ఇంటి డాబా మీద అన్నీ చేసేది.

"ఏమే, కింద పెచ్చులు ఊడుతున్నాయి! ఇంటి మీద పగబట్టావా?" అని అరిచేది అమ్మ.

"ఇంకో పదేనమ్మా!"

ఆఖరి పరీక్ష రోజు వాన పడుతోంది. కొంగ కళ్లు మూసుకుని ఎడమ కాలి మీద నిలబడింది. షెడ్డు రేకుల మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాలు కింద పెట్టాక కళ్లు తెరిచింది.

"ఇరవై ఆరు," అన్నాడు ఫిజియో.

ఆమె ముఖం వెలిగిపోయింది. అతని ముఖం వెలగలేదు. అంకె రాసుకుని, "థాంక్సండీ, తర్వాతి వాళ్లు రండి," అన్నాడు. ఒక్క మంచి మాట అంటే అతని సొమ్మేం పోయింది?

సాయంత్రానికి బోర్డు మీద జట్టు పేర్లు అంటించారు. కొంగ పేరు మొదటి ఆరుగురిలోనే ఉంది. ఎగిరి గంతేసి బ్యాగు తీసుకోడానికి ఆట సామాన్ల గదికి వెళ్లింది. లోపల మాటలు వినపడి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ పిల్ల ఒక్కతే ఎలా ఇంత బాగుపడింది?" అడుగుతోంది కోచ్ మేడమ్.

"తెలీదు మేడమ్. ఉన్నదే పదహారు మంది. ఆమె అంకె కలిపితే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు."

"తీసేయొచ్చుగా?"

"కారణం లేకుండా తీసేస్తే దొంగ లెక్క అవుతుంది. తేడా లేదనే రాస్తాను."

"అయితే చిన్నపిల్లలకి కూడా పాత పద్ధతే, ఒకే రకం జంపులే నడిపిస్తాను. రోజుకో రకం నేర్పే తీరిక నాకెక్కడిది?"

నోరు మూసుకుంటే జట్టులో ఉంటుంది. అతను మాత్రం అబద్ధం కింద సంతకం పెడతాడు, అబద్ధమని తెలియకుండానే. రేపు ఇంకో పిల్ల తనలాగే కాలు మెలిపెట్టుకుంటుంది. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసి లోపలికి నడిచింది.

"మేడమ్, నేను చేశాను. వాళ్లవన్నీ చేశాను. ఇంటి దగ్గర, రోజూ."

"రోజుకి ఎన్ని?"

"నలభై."

"ఇక్కడ నలభై, అక్కడ నలభైనా? ఆ కాలితోనా?" కోచ్ మేడమ్ వంగి ఆమె ఎడమ చీలమండ నొక్కి చూసింది. అరిచినా బాగుండేది. "ఇప్పుడైనా చెప్పావు, సంతోషం. కానీ మాటంటే మాటే. ఈ టోర్నమెంట్‌కి నువ్వు లేవు," అని పెన్ను తీసుకుని బోర్డు వైపు వెళ్లిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు.

"ఎందుకు చెప్పారు? నేను జన్మలో కనిపెట్టేవాణ్ణి కాదు," అన్నాడు ఫిజియో.

"అందుకే చెప్పాను."

అతను పుస్తకం తెరిచి ఆమె వరస మీద అడ్డంగా గీత గీశాడు. పక్కన కారణం రాసి, తేదీ వేశాడు. "ఇక మీరు నా పరిశోధనలో లేరు."

"సంతోషమేనా?"

"చాలా."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. "అయితే వస్తాను."

"ఆగండి." అతను పెన్నుకి మూత పెట్టాడు. "పరిశోధనలో ఉన్నవాళ్లతో సొంత మాటలు మాట్లాడనని రాసిచ్చి మొదలుపెట్టాను. పొద్దున మీరు ఇరవై ఆరు సెకన్లు నిలబడితే గట్టిగా అరవాలనిపించింది. నోరు నొక్కుకున్నాను. ఎనిమిది వారాలుగా అదే పని. మీరంటే నాకిష్టం."

కొంగ గోడకి ఆనుకుని పరుపుల దొంతర మీద కూలబడింది.

"నాకూ ఇష్టమే," అంది. "కానీ నా పేరు కొట్టేశారు. ఇవాళ సంతోషపడటం నా వల్ల కాదు."

"వద్దు. ఏడవండి. నాకేం తొందర లేదు."

ఆమె మోకాళ్లలో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతను పుస్తకాన్ని అలమరలో పెట్టి తాళం వేసి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.