మెరుపు వాసన

పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మామయ్య చెప్పులేసుకున్నాడు.

"పేకాటకేనా మామయ్యా?" పెరటి షెడ్డులోంచి కోడలు అడిగింది.

"ఆ. నిన్న అందరూ కలిసి నన్ను ముంచారు. ఇవాళ వాళ్ళ పని చెబుతా," అంటూ గేటు దాటాడు.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. అత్తయ్య పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటాడేమో అని కోడలికి బెంగ ఉండేది. పేకాట స్నేహాలు దొరికాయని సంబరపడింది.

ఆమె ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తుంది. వడ్రంగి కూతురు. పుట్టింట్లో మంచం కోళ్ళు చెక్కిన చెయ్యి ఇక్కడికొచ్చి గిటారు మెడ చెక్కుతోంది. ఆమె చేసినదానికి పెద్ద పేరు తెచ్చింది మాత్రం పైన వేసే పూత. స్ప్రే గన్నుతో లాకరు, అంటే ఘాటైన మెరుపు వార్నీషు, పొరలు పొరలుగా కొట్టి, ప్రతి పొరా ఆరాక ఉప్పుకాగితంతో నునుపు చేసి, మళ్ళీ కొడుతుంది. గిటారు నీళ్ళు నిలబెట్టినట్టు మెరుస్తుంది.

ఆ ఉదయం పళ్ళ డాక్టరు వచ్చాడు, తన గిటారుకి చెక్క ఎంచుకోడానికి. పుచ్చకాయలు బేరమాడేవాడిలా ఒక్కో పలకా చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూశాడు.

"టేకు పెడితే పోలా? మా ఇంట్లో తలుపులన్నీ టేకే."

"పెట్టొచ్చండీ. కాకపోతే తలుపుని గోడ మోస్తుంది, గిటారుని మీ భుజం మోయాలి."

డాక్టరు భుజం తడుముకుని టేకుని పక్కన పెట్టాడు. తేలికైన మహాగని పలక చేతుల్లో ఊపి చూసుకుని, గిటారు ఒంటికి అదే అన్నాడు. పైన అతికే పలుచటి మేపుల్ చెక్క రేకుని ఆమె తడిగుడ్డతో ఒకసారి తుడిచింది. పాలిపోయినట్టున్న చెక్కలో అలలు అలలుగా గీతలు లేచాయి. ఆయన నోరు తెరిచాడు. రోజంతా ఇతరుల నోళ్ళు తెరిపించే మనిషి.

"రంగు ఎర్రగా ఉండాలి. అద్దంలా మెరవాలి. వంగితే నా మొహం కనపడాలి."

"కనపడుతుంది లెండి," అందామె నవ్వి. అది ఆమెకి కొట్టిన పిండి.

డాక్టరు వెళ్ళగానే లాకరు డబ్బాలు కొనడానికి బయల్దేరింది. మలుపు తిరిగితే బస్సు స్టాపు. బల్ల మీద మామయ్య ఒక్కడే కూర్చున్నాడు. బస్సొచ్చి ఆగింది. డ్రైవరు గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. మామయ్య "పో పో" అని చెయ్యూపాడు. అది కదిలాక తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, ముందుకు వంగిపోయి దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ తెగలేదు.

"పేకాట ఇక్కడా మామయ్యా?"

ఆయన తువ్వాలు మడిచాడు. "మనుషులు కుదరలేదమ్మా ఇవాళ."

పక్కన పళ్ళు అమ్మే ముసలమ్మ ఊరుకోలేదు. "పేకాటేంటి తల్లీ, మీ ఇంట్లో రంగు కొట్టినప్పుడల్లా ఈ బల్లే ఈయనకి ఇల్లు. ఆ వాసనకి ఊపిరాడదంటగా."

కోడలు డబ్బాలు కొనలేదు. మామయ్యని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది.

భోజనానికొచ్చిన భర్తని గుమ్మంలోనే ఆపింది. ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు.

"మామయ్య దగ్గు సంగతి మీకు తెలుసా?"

మాస్టారు తేలు కుట్టిన దొంగలా తండ్రి వంక చూశాడు. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నేనేం చెయ్యను?"

"బాగుంది. ఇద్దరూ కలిసి నన్ను దయ్యాన్ని చేశారు. ఈ ఇంట్లోంచి ముసలాయన్ని పొగబెట్టి బయటికి తరిమిన కోడలిని. ఆ పళ్ళమ్మకి తెలిసింది, బస్సు డ్రైవర్లకి తెలిసుంటుంది, నాకే తెలీదు."

"ఎవరూ అలా అనుకోలేదమ్మా," మామయ్య సర్దిచెప్పబోయాడు. "నేనూ ముప్పై ఏళ్ళు ఈ ఇంటికి డీజిలు కంపు మోసుకొచ్చినవాణ్ణే. మీ అత్తయ్య ఏనాడూ ముక్కు మూసుకోలేదు. అన్నం పెట్టే పని వాసన ఇంట్లోవాళ్ళు ఓర్చుకోవాలి. ఆవిడ ఓర్చుకుంది, నేను ఓర్చుకుంటున్నా. ఇందులో వింతేముంది?"

కోడలు ఆయనకెదురుగా కింద కూర్చుంది. గొంతు తగ్గింది.

"ఒక్క మాట చెప్పండి. ఆ వాసన పడట్లేదని అత్తయ్య అనుంటే మీరేం చేసేవారు?"

మామయ్య ఆలోచించాడు. "డిపోలోనే స్నానం చేసి వచ్చేవాణ్ణి. అక్కడ కుళాయి ఉండేదిగా."

ఆ మాట అన్నాక ఆయన తలొంచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంతే కదా. కుళాయి అక్కడే ఉండేది," అన్నాడు మళ్ళీ, తనలో తానే.

"మీచేత ఆ మంచి పని చేయించకుండానే ఆవిడ వెళ్ళిపోయింది. మీరూ నాకు అదే చేస్తున్నారు మామయ్యా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నా తప్పూ ఉంది. మాస్కు కట్టుకుని పని చేశాను. ఇంటికి మాస్కు లేదని తట్టలేదు నాకు."

మర్నాడు డాక్టరుని మళ్ళీ పిలిపించింది. ఈ ఇంట్లో ఇక లాకరు కొట్టనని, ఎందుకో కూడా దాచకుండా చెప్పింది. "మెరుపే కావాలంటే గిటారు ఒంటిని చేసిస్తాను, కార్లకి రంగులేసే షెడ్డులో పూత కొట్టించుకోండి. నా చేత్తోనే కావాలంటే ఎరుపు పట్టించి, అవిసె నూనె, మైనం రుద్దుతాను. మొహం మాత్రం కనపడదు."

ఆమె ఇచ్చిన నమూనా చెక్కల్లో డాక్టరు నూనె రుద్దిన ముక్క మీద వేలు రాశాడు, కారు రంగు కొట్టిన ముక్క మీద రాశాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మెరుపు కోసమే మీ దగ్గరికొచ్చానమ్మా," అన్నాడు.

"తెలుసండీ."

మరోసారి నూనె ముక్క తీసుకున్నాడు. అలలు వేలికి తగులుతున్నాయి. "ఇదైతే చెక్కని ముట్టుకున్నట్టుంది. అదేమో గాజుని ముట్టుకున్నట్టు," అని గొణుక్కుని, ఇంకాసేపు తటపటాయించి, "సరే, రుద్దండి," అన్నాడు.

వారం తిరిగేసరికి ఎర్రటి గిటారు ఒంటికి ఆమె గుడ్డతో నూనె పట్టిస్తోంది. మునుపటి తళుకు లేదు. అది చూసినప్పుడల్లా ఆమెకి మనసులో కొంచెం కలుక్కుమంటూనే ఉంది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని మామయ్య పేపరు చదువుతున్నాడు. ఉన్నట్టుండి దగ్గాడు.

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "ఈ వాసన కూడా పడట్లేదా మామయ్యా?"

లేదమ్మా అనబోయి ఆగాడు. పేపరు దించాడు.

"కొంచెం ఇబ్బందిగానే ఉంది తల్లీ," అన్నాడు.

ఆమె లేచి, గిటారుని రెండు చేతులా ఎత్తుకుని, గాలి వీచే పెరటి మూలకి తీసుకెళ్ళింది.